మున్నేటి ఒడ్డున టిన్ను నీళ్లు

ఎన్టీఆర్ జిల్లా వత్సవాయి మండలానికి నీళ్ల కష్టం ఉందంటే పటం చూసినవాళ్లు నమ్మరు. పాకాల చెరువు దగ్గర పుట్టి ఖమ్మం మీదుగా దిగివచ్చే మున్నేరు ఈ మండలం అంచునే పారుతుంది. పోలంపల్లి దగ్గర దాని మీద ఆనకట్ట ఉంది. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కొస పాయలు ఇక్కడి పొలాల్లోకి వస్తాయి. జగ్గయ్యపేట దాటి ముక్త్యాల, వేదాద్రి వైపు వెళితే ముప్పై కిలోమీటర్ల లోపే కృష్ణమ్మ. ఇన్ని నీళ్ల మధ్య ఉన్న ఊళ్లలో తెల్లవారితే వినిపించేది మాత్రం టిన్నుల ఆటో హారన్. తాగే నీళ్లు టిన్నులో వస్తాయి. వాడకానికి బోరు నీళ్లు.

వానాకాలంలో ఈ ఏరు ఊళ్లను ముంచుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మున్నేరు ఖమ్మం నుంచి పెనుగంచిప్రోలు దాకా ఏం చేసిందో ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు. అదే ఏరు ఏప్రిల్ వచ్చేసరికి ఇసుక, అక్కడక్కడా మడుగులు. కాలువ పొలం కోసం వస్తుంది, ఎగువన వదిలినప్పుడు వస్తుంది, కట్టేసినప్పుడు పోతుంది. మిగతా రోజుల్లో ఇంటికీ పొలానికీ దిక్కు భూమిలోని నీళ్లే. మిరపకూ పత్తికీ తోడి తోడి బోర్లు లోతుకు పోయాయి. లోతుకు పోయిన కొద్దీ నీటి రుచి మారింది.

ఆ మార్పును మొదట కనిపెట్టేది వంటింట్లోనే. కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, గోరుతో గీకినా రాదు. తలస్నానం చేస్తే జుట్టు పీచులా అవుతుంది. ఇదంతా కాల్షియం, మెగ్నీషియం లవణాల పని, కఠిన జలం లక్షణం. సున్నపురాయి నేల ఉన్నచోట ఇది సహజం. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి ఉండబట్టే. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది, తెల్ల పొర కంటికి తెలుస్తుంది. ఈ మెట్టలో కొన్ని బోర్లలో వీటితోపాటు వచ్చే ఫ్లోరైడ్ మాత్రం నాలుకకూ కంటికీ కూడా తెలియదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది తెలిసేది పిల్లల పళ్ల మీద గారలు పడ్డాక, పెద్దవాళ్ల నడుము వంగనని మొరాయించాక.

ఫ్లోరైడ్ సంగతి మన తెలుగు నేలకు కొత్త కాదు. దేశంలో ఈ జబ్బు మొదట రికార్డుకెక్కింది మన దగ్గరే. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి ప్రాంతాల్లో నాగలి లాగలేక చతికిలబడుతున్న ఎద్దులను చూసి రైతులు ముందే అనుమానపడ్డారు. మద్రాసు వైద్యులు పరిశీలించి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసేనాటికి మనుషులు కూడా వంగిపోయి ఉన్నారు. తర్వాత నల్గొండ పేరే ఈ జబ్బుకు మారుపేరైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు ఫ్లోరైడ్ పల్లెల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా వంగిపోయే కాళ్ల గురించి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఒక జిల్లా బాధ ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడం అంటే అదే.

మన జిల్లాలోనే, తూర్పు మెట్టన ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్న కుటుంబాలున్నాయి. అక్కడ కారణం ఒక్కటే అని చెప్పలేం. కానీ అక్కడి జనం మొదటి నుంచీ అడుగుతున్నది ఒక్కటే, మంచినీళ్లు. కిడ్నీ జబ్బులతో సతమతమైన ఉద్దానం కథా అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసి మనల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు గానీ, మెట్ట బోర్ల నీళ్లు ఏ జిల్లాలో కలిపినా అవే నీళ్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లను కాచి తాగితే సరిపోతుందని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి, అది మంచిదే. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు కొంత ఆవిరైపోయి మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చు, వేరే గతి లేనప్పుడు 1.5 దాకా. అది దాటిన నీళ్లను ఎంత కాచినా అవి మంచినీళ్లు కావు.

మరి టిన్ను నీళ్లు? ఆర్వో ప్లాంట్లు మన ఊళ్లకు చేసిన మేలును కాదనను. 2014 అక్టోబరులో ఎన్టీఆర్ సుజల పథకం కింద 20 లీటర్లు రెండు రూపాయలకు ఇస్తామని మొదలుపెట్టినప్పుడు పల్లెలు సంతోషించాయి. కానీ ఆర్వో యంత్రం లోపలికి తీసుకున్న నీళ్లలో సగం దాకా బయటికి నెట్టేస్తుంది. ఆ నెట్టేసిన నీళ్లలో ఉప్పూ ఫ్లోరైడూ ముందుకంటే చిక్కగా ఉంటాయి. అవి మురుక్కాల్వలోకో, రోడ్డు పక్క గుంటలోకో పోయి మళ్లీ అదే భూమిలో ఇంకుతాయి. యంత్రంలోని వడపోత పొర మార్చకపోతే, కరెంటు లేకపోతే, నడిపేవాడికి జీతం అందకపోతే ప్లాంటు మూతపడుతుంది. ఊరి ప్లాంటు మూతపడ్డ చోట ప్రైవేటు టిన్ను వస్తుంది. అందులో ఏముందో పరీక్షించి చెప్పేవాళ్లు అరుదు. కూలికి పోయే ఇంట్లో టిన్ను ఖర్చు పాలు, కూరల డబ్బుల్లోంచి పోతుంది. ఆ ఖర్చు భరించలేని ఇల్లు నిశ్శబ్దంగా బోరు నీళ్లే తాగుతుంది. మన లెక్కల్లోకి రానిది ఆ ఇల్లే.

ఈ నేల మీద పుష్కలంగా ఉన్నది ఒక్కటుంది, ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు సామెతలా వినిపించదు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. ఆ ఎండతోనే ఉప్పు నీటిని చప్పబరిచే మార్గం ఉంది. పాతదే. నల్ల రంగు పూసిన ఒక పళ్లెం, అందులో రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు బోరు నీళ్లు, పైన ఏటవాలుగా గాజు పలక, చుట్టూ గాలి పోకుండా బిగింపు. ఎండకు నీరు ఆవిరై గాజు లోపలి వైపు తగిలి చుక్కలుగా మారి, వాలు వెంట జారి కింది కాలువలో పడుతుంది. ఉప్పూ సున్నమూ ఫ్లోరైడూ ఆవిరిగా మారలేవు కాబట్టి పళ్లెంలోనే మిగిలిపోతాయి. దీన్నే సోలార్ స్టిల్ అంటారు. వత్సవాయి దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కాబట్టి గాజును దక్షిణం ముఖంగా అంతే వాలులో పెడితే ఏడాది పొడుగునా ఎండ బాగా తగులుతుంది, చుక్క మధ్యలో తెగి పళ్లెంలో పడకుండా జారుతుంది.

ఇది ప్రయోగశాలల్లోనే ఉన్న సంగతి కాదు. 1872లో చిలీ దేశంలోని లాస్ సలీనాస్ అనే గనుల ఊళ్లో చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు దాదాపు 4,700 చదరపు మీటర్ల గాజు కింద రోజుకు 23 వేల లీటర్ల దాకా మంచినీళ్లు తీశాడు. గని నుంచి వచ్చే నీరు సముద్రం కంటే కొన్ని రెట్లు ఉప్పన. అది సుమారు నలభై ఏళ్లు పనిచేసింది. మన దేశంలో గుజరాత్‌లోని భావనగర్ దగ్గర అవానియా గ్రామంలో కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1978లో రోజుకు 5,000 లీటర్ల సామర్థ్యంతో ఒకటి కట్టింది. అందుకు దాదాపు 1,870 చదరపు మీటర్ల పళ్లెం కావలసి వచ్చింది. భాగించి చూడండి, చదరపు మీటరుకు రోజుకు మూడు లీటర్లకు లోపే. ఈ పద్ధతి మన ఊళ్లకు చేరకపోవడానికి అసలు కారణం ఆ అంకెలోనే ఉంది. ఇంత చోటు పెడితే ఇంతేనా వచ్చేది అనిపిస్తుంది.

ఎందుకింత తక్కువ? ఎండ తక్కువై కాదు. మన దగ్గర ఏడాది సగటున ఒక చదరపు మీటరు మీద రోజుకు అయిదున్నర యూనిట్ల కరెంటుతో సమానమైన ఎండ పడుతుంది. ఒక లీటరు నీటిని వేడిచేసి ఆవిరిగా మార్చడానికి సుమారు 0.7 యూనిట్ కావాలి. రవ్వంత వేడి కూడా వృథా కాకుండా వాడితే ఏడెనిమిది లీటర్లు రావాలి. వచ్చేది రెండు మూడు. మిగతా వేడి గాజు మీంచి గాలికీ, అడుగు నుంచి నేలకూ, పక్కల నుంచి బయటికీ పోతుంది. మిట్ట మధ్యాహ్నం గాజు కూడా కాగిపోయి ఉంటుంది కాబట్టి ఆవిరి దాని మీద చల్లబడటానికి తడుముకుంటుంది. సాయంత్రం గాజు చల్లబడి ఆవిరిని చక్కగా పట్టుకోగలిగే వేళకు పళ్లెంలో నీళ్లు చల్లారిపోయి ఉంటాయి. పెట్టె పనిచేయాల్సిన వేళకు దాని దగ్గర వేడి ఉండదు.

వేడిని దాచే పదార్థాల అవసరం ఇక్కడే వస్తుంది. దాలిలో పాలకుండ పెట్టిన ఇళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పిడకల మంట పెద్దగా ఉండదు, కానీ లోపల దాచుకున్న వేడి పొద్దుగూకేదాకా కొద్దికొద్దిగా వస్తూ పాలను మీగడ కట్టిస్తుంది. పళ్లెం అడుగున కంకర రాళ్లో, మైనమో పెడితే పగలు ఎక్కువైన వేడిని అవి పుచ్చుకుని, సూర్యాస్తమయం తర్వాత నీళ్లకు తిరిగి ఇస్తాయి. అప్పటికి గాజు చల్లగా ఉంటుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా చుక్క పడుతూనే ఉంటుంది.

ఈ రెండు విద్యలూ ఒకే మనిషి చేతిలో పెరిగాయంటే ఆశ్చర్యం వేస్తుంది. హంగేరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మరియా టెల్కెస్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, సముద్రంలో చిక్కుకున్న సైనికుల కోసం గాలి ఊదితే తేలే చిన్న సోలార్ స్టిల్‌ను తయారుచేసింది. ఆ తర్వాత 1948లో మసాచుసెట్స్‌లోని డోవర్ పట్టణంలో ఎండ వేడితోనే చలికాలం గడిచే ఇంటికి వేడి దాచే ఏర్పాటును రూపొందించింది. ఆ ఇంట్లో వేడిని దాచింది గ్లాబర్ లవణం, అంటే నీటి అణువులతో కూడిన సోడియం సల్ఫేట్. అది 32 డిగ్రీల దగ్గర కరుగుతూ వేడి పుచ్చుకుంటుంది, గడ్డకడుతూ తిరిగిస్తుంది. కొన్ని చలికాలాల తర్వాత ఆ లవణం విడిపోయి సరిగా పనిచేయడం మానేసింది. వేడి దాచే పదార్థాన్ని ఎంచేటప్పుడు అది వందల సార్లు కరిగి గడ్డకట్టినా గుణం మారకుండా ఉంటుందా అని మొదట చూడాలన్న పాఠం అక్కడి నుంచే వచ్చింది.

రాయి వేరు, మైనం వేరు. రాయి వేడెక్కుతుంది, చల్లారుతుంది, అంతే. మైనం కరుగుతుంది. కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండానే బోలెడు వేడిని మింగుతుంది. పారఫిన్ మైనంలో 50, 60 డిగ్రీల మధ్య కరిగే రకాలు దొరుకుతాయి. కిలో మైనం కరగడానికి సుమారు 200 కిలోజౌళ్లు పుచ్చుకుంటుంది. సబ్బుల్లో, కొవ్వొత్తుల్లో వాడే స్టియరిక్ యాసిడ్ 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 2009లో ఎల్-సెబై బృందం జెడ్డా ఎండకు లెక్క కట్టి, పళ్లెం కింద 3.3 సెంటీమీటర్ల మందాన స్టియరిక్ యాసిడ్ ఉంటే వేసవి రోజున చదరపు మీటరుకు వచ్చే నీరు 5 కిలోల నుంచి 9 కిలోలకు పెరుగుతుందని అప్లయిడ్ ఎనర్జీ పత్రికలో చూపింది. ఆ తర్వాత ఈ దారిలో వందల పరిశోధనలు వచ్చాయి. మైనానికి వేడి నెమ్మదిగా పాకుతుంది కాబట్టి అందులో రాగి, అల్యూమినియం రేకులు గుచ్చినవాళ్లున్నారు, లోహ ఆక్సైడ్ల అతి సన్నటి పొడి కలిపినవాళ్లున్నారు.

ఇక్కడ చదువరి కాస్త ఆగి లెక్క వేసుకోవాలి, ఎందుకంటే ఇలాంటి అంకెలతోనే రేపు ఎవరో ఒకరు మన పంచాయతీకి ఏదో ఒకటి అమ్ముతారు. పది కిలోల మైనం కరిగి మళ్లీ గడ్డకడితే తిరిగిచ్చేది సుమారు 0.55 యూనిట్ వేడి. దాంతో ఆవిరయ్యేది ముప్పావు లీటరు, మహా అయితే ఇంకాస్త. యాభై కిలోల కంకర 25 డిగ్రీలు చల్లారితే ఇచ్చేది 0.3 యూనిట్, అంటే అర లీటరుకు లోపు. పైగా ఆ వేడి పగటి ఎండ నుంచి తీసి దాచిందే, కొత్తగా పుట్టింది కాదు. అందుకే రాళ్లు మరీ ఎక్కువ నింపితే పొద్దున నీళ్లు వేడెక్కడమే ఆలస్యమై, రాత్రి వచ్చిన లాభం పగటి నష్టంలో కలిసిపోతుంది. చలికాలంలో పళ్లెం 50, 55 డిగ్రీలకు మించకపోతే 60 దగ్గర కరిగే మైనం కరగనే కరగదు, అడుగున ఊరికే పడి ఉంటుంది. జెడ్డా వేసవి ఎండ మన సగటు కంటే చాలా ఎక్కువ. మన ఎండకు ఒక అంతస్తు పెట్టెలో చదరపు మీటరుకు ఏడెనిమిది లీటర్ల గీతను ఏ మైనమూ దాటించలేదు. రోజుకు పదిహేను లీటర్లు ఇస్తుందని ఎవరైనా చెబితే, ఆవిరి వదిలిన వేడిని మళ్లీ ఎక్కడ వాడుతున్నావని అడగండి. అలా వాడే పద్ధతి ఉంది. 2020లో ఎంఐటీ, షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పది అంతస్తుల పెట్టెలో ఒక అంతస్తు వదిలిన వేడితో పక్క అంతస్తును వేడెక్కించి చదరపు మీటరుకు గంటకు 5.78 లీటర్లు తీశారు. కానీ అది వేరే యంత్రం, వేరే సంరక్షణ.

నాకు మైనం కంటే రాయి మీదే నమ్మకం. తమిళనాడు కోవిల్‌పట్టి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీలో కాళిదాస మురుగవేల్ బృందం ఇటుక ముక్కలు, కాంక్రీటు ముక్కలు, ఇనుప తుక్కు, క్వార్ట్‌జైట్ రాళ్లు, ఇలా చవకగా దొరికేవన్నీ పళ్లెంలో పలుచటి నీటితో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో ముప్పావు అంగుళం క్వార్ట్‌జైట్ రాయి బాగా పనిచేసింది. కోవిల్‌పట్టి కూడా మన లాంటి నల్లరేగడి మెట్ట, పత్తి నేల. మున్నేటి ఇసుకలో గులకరాళ్లకు కొదవ లేదు. పరిటాల, దొనబండ క్రషర్ల నల్ల కంకర కూడా దగ్గరే. బాగా కడిగి వాడాలి, అంతే. జగ్గయ్యపేట సున్నపురాయి మాత్రం ఇందుకు వద్దు. దాని లేత రంగు ఎండను మింగదు. రాయి పాడవదు, కారదు, దొంగతనానికి గురికాదు. మైనం డబ్బా కారితే పళ్లెమంతా జిడ్డు. ఊరి బడిలో నాలుగేళ్లు నిలవాల్సిన దానికి ఇది చిన్న విషయం కాదు.

మన నీళ్లకు మాత్రం ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పళ్లెంలో మిగిలేది ఉప్పొక్కటే అయితే నీళ్లు పారబోసి కడిగితే పోతుంది. మన కఠిన జలం సున్నపు పొరను కడుతుంది. కొన్ని వారాల్లోనే నల్లటి పళ్లెం తెల్లబడుతుంది, నల్లటి రాళ్లూ తెల్లబడతాయి. తెల్లబడితే ఎండను తిప్పికొడతాయి. అందుకే రోజూ పొద్దున్నే కాస్త ఎక్కువ నీళ్లు పోసి పొర్లించి చిక్కబడ్డ నీటిని బయటికి పంపాలి, నెలకోసారి చింతపులుసో నిమ్మ ఉప్పో వేసి తోమాలి. గాజు మీద దుమ్ము ఇంకో బాధ. చిల్లకల్లు వైపు హైవే లారీలు, క్వారీలు, పత్తి తీత కాలపు గాలి, అన్నీ గాజు మీదే కూర్చుంటాయి. కోతులు సరే సరి. డాబా మీద గాజు పెట్టామంటే పైన ఇనుప జాలీ తప్పదు, జాలీ వేస్తే నీడ పడి కొంత ఎండ పోతుంది. పరిశోధన పత్రాల్లో కోతుల ప్రస్తావన ఉండదు. పల్లెలో మొదటి గాజు పగిలేది మాత్రం వాటి వల్లే.

వచ్చే నీరు బ్యాటరీ నీళ్లంత శుద్ధం. నిజానికి ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇల్లూ కొనుక్కునే డిస్టిల్డ్ వాటర్ ఇదే, కాబట్టి ఆ కొనుగోలు మానేయొచ్చు. తాగడానికైతే ఖనిజాలు లేని ఆ నీటిలో కాస్త బోరు నీళ్లు కలపడం మేలు. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి. ఒక లీటరు బోరు నీటిని కాచి, నాలుగు లీటర్ల ఆవిరి నీటిలో కలిపితే ఫ్లోరైడ్ 0.6కు దిగుతుంది, రుచీ వస్తుంది. అంటే ఎంత కలపాలో తెలియాలంటే బోరు నీళ్లను ముందు పరీక్ష చేయించి తీరాలి. నిల్వ పాత్ర శుభ్రం ఇంకా ముఖ్యం. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో అతిసారం ప్రబలినప్పుడు చూశాం కదా. ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లలో మురికి చెంబు ముంచితే చేసిందంతా వృథా.

ఇంతకీ ఇది ఎవరికి పనికొస్తుంది? అయిదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు ఇరవై లీటర్లు కావాలి. అందుకు ఏడెనిమిది చదరపు మీటర్ల గాజు పెట్టాలి. డాబా ఉన్నవాళ్లకు చోటు ఉంది, కానీ వాళ్లు టిన్ను కొనుక్కోగలరు. కొనలేనివాళ్లకు డాబా లేదు. ఈ వైరుధ్యాన్ని దాచి సోలార్ స్టిల్‌ను ఇంటింటి పరిష్కారంగా చూపడం మోసం. ఊరి మొత్తానికి కావలసింది నది నీరు, గొట్టం, కుళాయి. 2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ ప్రకటించినప్పుడు మనిషికి రోజుకు 55 లీటర్లు 2024కల్లా అన్నారు, గడువు ఇప్పుడు 2028. ముక్త్యాల రాజా లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే సాగర్ కట్టారు, 1967లో ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. ఆ కాలువ కొసన ఉన్నవాళ్లు తాగునీటి కోసం ఇంకా అడుగుతూనే ఉండాల్సి రావడం న్యాయం కాదు. ఏ పెట్టె పెట్టినా ఆ అడగడం ఆగకూడదు.

అయితే కుళాయిలో నది నీళ్లు నిలకడగా వచ్చేదాకా గారలు పడకుండా కాపాడాల్సినవాళ్లున్నారు. పాలపళ్ల కింద, చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారయ్యే వయసు పిల్లలు. ఆ పళ్ల మీద గార ఒకసారి పడితే పోదు. వాళ్లు పగలంతా ఉండేది అంగన్‌వాడీలో, ప్రాథమిక పాఠశాలలో. ఇరవై మంది పిల్లలకు తలా లీటరు చొప్పున ఇరవై లీటర్లు. అంగన్‌వాడీ పైకప్పు మీద ఎనిమిది చదరపు మీటర్ల చోటు చాలు. రాళ్లు వేసి పక్కలకూ అడుగుకూ వరిపొట్టు దట్టించి బిగిస్తే వేసవిలో ఇంకా ఎక్కువే వస్తుంది. బడులకు మే నెలంతా సెలవులు, అప్పుడు వచ్చే నీరు చుట్టుపక్కల గర్భిణులకు, బాలింతలకు పంచొచ్చు. జూన్ 12న బడి తెరిచేసరికి మబ్బులు పట్టి ఉత్పత్తి తగ్గుతుంది. కాబట్టి వానాకాలానికి పైకప్పు వాన నీటిని పట్టే తొట్టి కూడా పక్కనే ఉండాలి. గాజు మీద పడే వానను పట్టుకునే కాలువ ఎలాగూ కట్టాల్సిందే, దాన్నే వాడొచ్చు. వేసవిలో ఆవిరి నీరు, వానాకాలంలో వాన నీరు. ఈ రెండింటికీ కరెంటు అక్కర్లేదు, మార్చాల్సిన పొర లేదు, రోడ్డు మీదికి వదిలే చిక్కటి ఉప్పు నీరూ తక్కువే. ఆ కాస్తంత మిగులును ఒక సిమెంటు గుంటలో ఆరబెడితే భూమిలోకి పోదు.

కంచికచర్లలో ఎంఐసీ కాలేజీ ఉంది, మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కాలేజీ ఉంది. సోలార్ స్టిల్ అనేది దేశవ్యాప్తంగా మెకానికల్ విద్యార్థులు చివరి సంవత్సరంలో తరచూ ఎంచుకునే ప్రాజెక్టు. కాలేజీ డాబా మీద ఒక చదరపు మీటరు పెట్టె, కొన్ని రోజుల రీడింగులు, ఒక నివేదిక, ఆ తర్వాత ఆ పెట్టె తుప్పు పడుతుంది. ఈ విద్యార్థులకూ వాళ్ల గురువులకూ నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఆ పెట్టెను వత్సవాయి మండలంలో ఏదైనా ఒక అంగన్‌వాడీ మీద పెట్టండి. మున్నేటి గులకరాళ్లతో ఒక పళ్లెం, క్రషర్ కంకరతో ఒక పళ్లెం, మైనంతో ఒక పళ్లెం, ఏమీ లేకుండా ఒకటి. ఏడాది పాటు రోజూ ఎన్ని లీటర్లు వచ్చాయో అంగన్‌వాడీ టీచరే గోడ మీద రాసేలా చూడండి. సున్నం ఎన్ని వారాలకు కట్టింది, గాజు ఎన్నిసార్లు పగిలింది, అది కూడా రాయండి. మన నీటి మీద, మన ఎండ కింద తీసిన ఆ పట్టిక ఎక్కడో తీసిన వంద పట్టికల కంటే మన పంచాయతీలకు ఎక్కువ ఉపయోగం.

ఈలోపు మీ ఇంటి బోరు నీళ్లను ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు ఇచ్చి ఫ్లోరైడ్ ఎంతుందో అడగండి. సచివాలయంలో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఆ అంకె 1.5 దాటితే ఆ నీళ్లు పిల్లలకు నేరుగా తాగించకండి, కాచి కూడా తాగించకండి.